నాడా ఉపవాసం

ఈస్టరుకు ముందు వచ్చే నలభై లెంట్ దినాల్లో నేను గొప్ప ఉపవాసం చేశానని బోధన్‌లో మా చర్చి మొత్తం అనుకుంది. మాంసం మానేవాళ్లు ఉన్నారు, ఒక పూట అన్నం మానేవాళ్లు ఉన్నారు. పొద్దున ఆరింటి నుంచి సాయంత్రం ఏడింటిదాకా చుక్క నీళ్లు కూడా ముట్టని మనిషిని నేనొక్కదాన్నే. పాస్టరమ్మ నా పేరును ప్రార్థనలో రెండుసార్లు ఎత్తింది కూడా. నిజమేమిటంటే, నా చడ్డీ నాడా నేను విప్పుకోలేను. విప్పుకోలేనప్పుడు నీళ్లు తాగి ఏం లాభం?

నా పేరు ప్రిస్కిల్లా. శక్కర్‌నగర్‌లో ముప్పై ఒక్కేళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన జీవరాజు, ఇక్కడి చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో, చెరకు బండ్ల తూకం దగ్గర పనిచేసేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. కొడుకు శాంతి కుమార్ లారీ నడుపుతాడు, చెరకు సీజన్లో వారానికోసారి ఇంటి మొహం చూస్తే గొప్ప. ఇంట్లో మిగిలింది నేను, నా కోడలు షారోన్. కోడలు నర్సు కోర్సు చదివింది.

నాకు కీళ్లవాతం వచ్చి నాలుగేళ్లు. వయసుతో అరిగిపోయే రకం కాదట, ఒళ్లే కీళ్ల మీద తిరగబడే రకమట. వేళ్ల కణుపులు చెరకు గడ కణుపుల్లా పైకి తేలాయి. మందులతో నొప్పి తగ్గింది కానీ వంకరపోయిన వేళ్లు వంకరగానే ఉండిపోయాయి. భుజాలు సగం దాకానే లేస్తాయి. అయినా నేను అంత తేలిగ్గా లొంగే మనిషిని కాను. తలుపు గొళ్లేనికి తాడు కట్టుకున్నాను, గరిటె పిడికి గుడ్డ చుట్టుకున్నాను, చపాతీలు మానేసి అన్నంతో సరిపెట్టుకున్నాను. చడ్డీ దగ్గరే నా ఆట కట్టింది.

దీనికి కారణం మా హాస్టల్ మేట్రన్. నేను చదువుకున్నది మిషన్ హాస్టల్లో. మా మేట్రన్ దేవుడి తర్వాత నమ్మింది నాడానే. ప్రతి ఆడపిల్లా లాంగ్‌క్లాత్‌తో కుట్టించిన తెల్ల చడ్డీ వేసుకోవాలి, దానికి నాడా ఉండాలి, నాడాకు గట్టి ముడి ఉండాలి. ఎలాస్టిక్‌ను నమ్ముకున్న పిల్ల నడిబజార్లో పరువు జార్చుకుంటుందని ఆమె చెప్పేది. పదేళ్ల వయసులో విన్న మాట ఎముకల్లోకి పోతుంది. పెళ్లయినా, కొడుకు పుట్టినా, జుట్టు తెల్లబడ్డా నేను నాడా చడ్డీలే కుట్టించుకుంటూ వచ్చాను.

జనవరిలో షారోన్‌కు నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. మూడు నెలలు ట్రయల్. ఈస్టర్ మర్నాడు, సోమవారం నాడు, పర్మనెంటు కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ పిల్ల పెళ్లయి వచ్చిన ఐదేళ్లలో వంట చేసింది, నాకు మందులిచ్చింది, అలిగింది, నవ్వింది. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ పాట పాడుకోవడం మాత్రం జనవరిలోనే మొదటిసారి విన్నాను. ఆ పాట ఆగిపోకూడదని నాకు గట్టిగా అనిపించింది.

ఆరున్నర బస్సుకు వెళ్లేముందు ఆమే నాకు బాడీ హుక్కులు వెనక పెట్టేది, నాడా కట్టేది.

“నడుమల ఎట్ల అత్తమ్మా? నేనొచ్చేసరికి ఏడైతది.”

“నేను జూసుకుంటగని నువ్వు పో. బస్సు పోతది.”

మొదటి రోజు పదకొండింటికి నాడా కొస పట్టుకుని లాగాను. షారోన్ జారుముడే వేసింది, నేనే తప్పు కొస లాగాను. అది పీటముడి పడింది. పళ్లతో విప్పుదామంటే నా నడుము నా నోటికి అందదు కదా. అరగంట పెనుగులాడాను. తర్వాత ఏం జరిగిందో చెప్పను, బాత్రూంలో కూర్చుని ఏడ్చానని మాత్రం చెప్తాను. ముప్పై ఒక్కేళ్లు ఊరి పిల్లల తడి చడ్డీలు మార్చిన టీచరును నేను. ఆ రోజు నన్ను మార్చేవాళ్లు లేరు. కూరగాయల కత్తితో నాడా కోసుకుని బయటపడ్డాను.

మర్నాటి నుంచి నీళ్లు మానేశాను. పొద్దున చాయ్ లేదు, మధ్యాహ్నం మజ్జిగ లేదు. గొంతు ఎండితే నాలుకతో పెదవులు తడుపుకునేదాన్ని. దానికి అలవాటు పడ్డాను కూడా, మనిషి దేనికైనా అలవాటు పడుతుంది.

లెంట్ మొదలైన వారం స్త్రీల సమాజం ప్రార్థన మా ఇంట్లో పెట్టుకున్నారు. అందరికీ చాయ్ పోశారు. నేను వద్దన్నాను. నీళ్లిచ్చారు, అవీ వద్దన్నాను. పాస్టరమ్మ నా వంక మెచ్చుకోలుగా చూసి, “ఉపవాసమా టీచరమ్మా? నీళ్లు గూడ ముడతలేరా?” అంది. నేను తల వంచాను. తల వంచడం అబద్ధం కిందికి రాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ ఆదివారానికల్లా నేను చర్చిలో ఆదర్శమైపోయాను.

మార్చి రెండో వారంలో చలిజ్వరం పట్టుకుంది. పొత్తికడుపులో పోటు, మంట. షారోన్ సెలవు పెట్టి పరీక్ష చేయించింది. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగాలన్నారు. ఇంటికొచ్చాక ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతూ ఒక్కసారిగా ఆగిపోయింది. ఆమె చేతిలో నావి రెండు చడ్డీలున్నాయి. రెండింటికీ నాడాలు మధ్యలో కోసి ఉన్నాయి. ఆ జ్వరంలో ఆపుకోలేక నేను మళ్లీ కత్తి పట్టాను.

“గిదేంది అత్తమ్మా?”

నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను.

“నిజం చెప్పు. నువ్వు చేసేది దేవుని ఉపవాసమా, నాడా ఉపవాసమా?”

“రెండూ అనుకో.”

ఆమె నవ్వలేదు. మంచం మీద నా పక్కన కూలబడింది. “ఆస్పత్రిల దినాం మందికి చెప్త, నీళ్లు మంచిగ తాగుండ్రి అని. ఇంట్ల మా అత్తమ్మ రెండు నెలలసంది ఎండిపోతున్నది. నాకు ఎర్కనే లేదు. ఏం నర్సును నేను?” అని చేతుల్లో మొహం దాచుకుంది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, చాలా మామూలుగా, “ఈస్టర్ సోమవారం నేను సంతకం పెట్ట. ఉద్యోగం ఇడిసిపెడ్త. బోధన్‌లనే ఏదన్న చూసుకుంట,” అంది.

బోధన్‌లో ఆమె ఐదేళ్లు చూసింది, ఏదీ దొరకలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక గజం నాడా కోసం నా కోడలు తన చదువును మళ్లీ పెట్టెలో పెట్టేస్తానంటోంది. నాకు జ్వరం కన్నా ఆ మాటకే ఒళ్లు కాలింది.

“ఈస్టర్ దాకా గడువియ్యి బిడ్డా. సోమవారం పొద్దుగాల నా బట్టలు నేనే ఏస్కుంట, నేనే ఇడుస్త. చేతకాకుంటే నువ్వన్నట్టే చేద్దాం.”

ఆమె ఒప్పుకుంది, కానీ ఒక షరతు పెట్టింది. ఈ ఇరవై రోజులూ పక్కింటి గంగమణి పొద్దున, మధ్యాహ్నం వచ్చి సాయం చేస్తుంది, నేను నీళ్లు తాగాలి. గంగమణి బీడీలు చేస్తుంది. ఆమె కొడుకు బంటి ఒకప్పుడు నా దగ్గర అంగన్‌వాడీలో చదివాడు, ఇప్పుడు వాడికి మీసాలొచ్చాయి. ఆమె బీడీల చాట పక్కన పెట్టి, చేతికి అంటిన తంబాకు కడుక్కుని వచ్చి, నా ముడి విప్పేది. ఒకరోజు మొహమాటం లేకుండా అడిగింది.

“అసలు గా చడ్డీ ఏస్కోకుంటే ఏమైతది టీచర్? మా అవ్వ గవేం ఎరుగనే ఎరుగదు. తొంభై ఏండ్లు బతికింది.”

“మా మేట్రన్ లేచొస్తది,” అన్నాను. అసలు కారణం దగ్గు. దగ్గితే ఆగని వయసు వచ్చింది. అది గంగమణికి చెప్పలేకపోయాను. ఈస్టర్ కాగానే ఆమె భీమ్‌గల్ వెళ్తోంది, కూతురు నిరోషకు పురుడు. కాబట్టి ఆమె మీద ఆధారపడి లాభం లేదు.

తర్వాతి గురువారం షారోన్‌కు సెలవు. ఇద్దరం నిజామాబాద్ పోయాం. గాంధీ చౌక్ దగ్గర పెద్ద బట్టల దుకాణం, పై అంతస్తులో ఆడవాళ్ల లోదుస్తులు. అమ్మేది మాత్రం మగపిల్లవాడు. చొక్కా మీద అనిల్‌కుమార్ అని పేరు. మమ్మల్ని చూడగానే వాడి కళ్లు పైకప్పు ఫ్యాన్ మీదికి పోయాయి.

“సైజెంత మేడం?” అని షారోన్‌ను అడిగాడు.

“ఆమెకు గాదు బాబూ, నాకు. వేళ్లు పనిచెయ్యనోళ్లు ఏస్కునేటియి ఏమన్న ఉన్నయా?”

“గా బ్రాండు మా దగ్గర రాదమ్మా,” అన్నాడు.

షారోన్ పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంది. వాడు లేసులవీ, పూలవీ, సన్నటి రబ్బరు అంచువీ గుట్టగా పోశాడు. నేను ఏమీ అనకుండా నా రెండు చేతులూ ఆ గుట్ట పక్కన పెట్టాను. వాడు అప్పటికి ఫ్యాను మీంచి కళ్లు దించాడు. చాలాసేపు నా వేళ్ల వంకే చూశాడు.

“మా అమ్మకు గూడ గిట్లనే ఉంటయి చేతులు,” అన్నాడు మెల్లగా.

“మరి ఆమె ఎట్ల ఏస్కుంటది?”

“ఎన్నడు అడగలే అమ్మా,” అన్నాడు. ఆ తర్వాత వాడి పద్ధతే మారిపోయింది. ఫ్యాన్ సంగతి మరిచిపోయి, వెనక గదిలోంచి ఒక సాదా పెట్టె తెచ్చాడు. మెత్తటి నూలు బాడీలు, సాగుతాయి, హుక్కు అనేదే లేదు, భుజాల మీద పట్టీలు రెండంగుళాల వెడల్పు.

అద్దాల గదిలోకి పోయి తల మీంచి వేసుకోబోయాను. చేతులు సగం దాకా లేచి అక్కడే బిగుసుకున్నాయి. బాడీ మొహానికి అడ్డం పడింది. పైకీ రాదు, కిందికీ పోదు. అరవై ఏళ్ల మనిషిని, రెండు చేతులూ ఎత్తి, గుడ్డి దానిలా గోడలకు కొట్టుకుంటున్నాను. షారోన్ లోపలికొచ్చి ఊడదీసింది. కోపంతో నాకు ఏడుపొచ్చింది.

“తల మీదికెల్లి కాదు అత్తమ్మా,” అందామె. “భుజం ఇరిగినోళ్లకు మేం కిందికెల్లి ఎక్కిస్తం. ఒక సైజు పెద్దది తీసుకో, కాళ్లు పెట్టి పైకి గుంజుకో.”

కాళ్ల నుంచి బాడీ వేసుకోవడమా! మేట్రన్ వింటే మూర్ఛపోయేది. స్టూలు మీద కూర్చుని, కాళ్లు దూర్చి, లేచి, నడుము దాటించి, నొప్పి ఎక్కువున్న కుడి భుజాన్ని ముందు, ఎడమ భుజాన్ని తర్వాత పట్టీల్లోకి దోపాను. సరిగ్గా కూర్చుంది. నాలుగేళ్ల తర్వాత నా బాడీ నేను వేసుకున్నాను. అద్దంలో ముసలిదాన్ని చూసి నేనే మురిసిపోయాను.

చడ్డీల దగ్గర మాత్రం పని కాలేదు. దొరికినవాటికల్లా సన్నటి బిగుతు ఎలాస్టిక్. దాని కిందికి నా వేళ్లు దూరవు, దూరినా పట్టు దొరకదు. ఇక దానికి నా బుర్రే వాడదామనుకున్నాను. అంగన్‌వాడీ పిల్లల చెప్పులకు వెల్క్రో ఉంటుంది కదా, చర్రుమని లాగితే ఊడుతుంది. బోధన్ బజార్లో దర్జీ బాలన్న దగ్గరికి పోయి నా లాంగ్‌క్లాత్ చడ్డీలకు నాడా తీసేయించి, ముందు అరచేతి వెడల్పు వెల్క్రో కుట్టించాను. అద్భుతం. అరచేత్తో లాగితే ఊడింది, అరచేత్తో నొక్కితే అంటుకుంది. సాయంత్రం షారోన్‌కు చేసి చూపించాను. ఆమె చప్పట్లు కొట్టింది. మర్నాడు ఇస్త్రీ పెట్టె దగ్గర మళ్లీ పాట వినిపించింది.

రెండు ఉతుకులయ్యాక ఆ పట్టీలో దారపు నూగు పేరుకుందనీ, పట్టు సడలిందనీ నేను గమనించలేదు.

ఈస్టరుకు ముందు బుధవారం చర్చి హాల్లో స్త్రీల సమాజం. నలభై మంది దాకా వచ్చారు. పాట అయ్యాక పాస్టరమ్మ లేచి, ఈ లెంట్‌లో మనందరికీ మాదిరిగా నిలిచిన సహోదరి ప్రిస్కిల్లా సాక్ష్యం చెప్తుందనీ, ఆమెకు శాలువా కప్పుదామనీ ప్రకటించింది. ముందుగా అందరూ తల వంచి మౌనంగా ప్రార్థన చేయమంది. నేను కుర్చీలో ముందుకు వంగాను.

చర్ర్ర్ర్!

ఆ నిశ్శబ్దంలో అది గోనెసంచి చింపినట్టు వినిపించింది. నలభై జతల కళ్లు తెరుచుకున్నాయి. ఎవరో, “ఎవలదో చీర చినిగింది,” అన్నారు. నేను కదల్లేదు. లోపల నా చడ్డీ నెమ్మదిగా దాని దారి అది చూసుకుంటోంది. మోకాళ్లు బిగించి ఆపాను. ఎలాస్టిక్‌ను నమ్మొద్దన్న మేట్రన్ వెల్క్రో గురించి ఒక్క మాటా చెప్పలేదు.

“ముందుకు రా సహోదరీ,” అంది పాస్టరమ్మ శాలువా చాపి.

“నేను రాలేనమ్మా.”

“తగ్గింపు గుణం,” అంది ఆమె మిగతావాళ్లతో.

తగ్గింపూ కాదు, గుణమూ కాదు. లేస్తే నడిచేది నేనొక్కదాన్నే, చడ్డీ అక్కడే ఉండిపోతుంది. నా అబద్ధం అక్కడితో గోడకు కొట్టుకుంది. ఇంకా ఎన్నాళ్లు తల వంచుతావే ప్రిస్కిల్లా అనుకుని, కూర్చున్న చోటి నుంచే సాక్ష్యం మొదలుపెట్టాను.

“అమ్మా, నేను ఉపవాసం లేను. నా చేతులకు నాడా ఇప్పరాదు. ఇప్పరాక, బాత్రూంకు పోరాక నీళ్లు మానేసిన. మీరు ఉపవాసమన్నరు, నేను ఊకున్న. నాకు జరమొచ్చింది, నా కోడలు నౌకరి ఇడుస్తనన్నది. గిప్పుడు చినిగింది చీర గాదు, చడ్డీ పట్టీ ఊడింది. లేస్తే జారుతది. గందుకే లేస్తలేను. గిదే నా సాక్ష్యం.”

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, హాలంతా నవ్వింది. ఆ నవ్వులో నాకు చెవులు కాలిపోయాయి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు. నేను నేల వంక చూస్తూ కూర్చున్నాను.

వెనక వరుసలోంచి గంగవ్వ లేచింది. మా సంఘంలో అందరికన్నా పెద్దది, డెబ్బై అయిదు దాటాయి. కర్ర మీద ఆనుకుని అందర్నీ ఒకసారి చూసింది.

“ఎందుకు నగుతున్రు? నేను నెలకు రెండు ఐతారాలే చర్చికి వస్తనని ఎన్కకు మాట్లాడుకుంటున్రు గద? నా బాడీ కొక్కేలు నా మనుమరాలు వెడుతది. గది హాస్టల్ల ఉంటది. వచ్చిన ఐతారమే నేను గుడికొస్త. రాకుంటే ఇంట్లనే ప్రార్థన జేస్కుంట. ఎవలకు జెప్పాలె గీ ముచ్చట?”

నవ్వు ఆగిపోయింది. కిటికీ పక్కన ఒకామె తాను కూడా పెళ్లిళ్లకు పోతే నీళ్లు తాగనంది. ఇంకొకామె తన వేళ్లు చాపి చూపించింది. నా ఎదురుగా కూర్చున్న వాళ్లలో ఇంతమంది చేతులు నావిలాగే ఉన్నాయని నేనెప్పుడూ చూడలేదు. నేను నా చేతులు కొంగు కింద దాచుకున్నట్టే వాళ్లూ దాచుకున్నారు.

పాస్టరమ్మ శాలువా పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నన్ను మందలిస్తుందనుకున్నాను. ఆమె ఆ శాలువాను నా భుజాల మీద కాకుండా నడుము చుట్టూ తిప్పి, గట్టిగా పట్టుకుని, “లేవండి టీచరమ్మా, నేను వట్టుకున్న,” అని వెనక గదికి నడిపించుకుపోయింది. గది తలుపు వేసి, “నేను ముందే అడగవలసి ఉండె,” అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. నేను ఆమెకు అప్పుడే అన్నీ క్షమించేశాను.

కానీ క్షమాపణతో చడ్డీ నిలబడదు. ఇంటికొచ్చేసరికి నా నీరసం చెప్పనలవి కాదు. సోమవారానికి నాలుగు రోజులే ఉన్నాయి. సాయంత్రం షారోన్‌కు ఏం చెప్పాలి? గంగమణి వచ్చి నా మొహం చూసి ఏమైందంది. చెప్పాను. ఆమె నవ్వి నవ్వి గడప మీద కూలబడింది. తర్వాత కళ్లు తుడుచుకుని, నా వంక వింతగా చూసింది.

“నీకు యాదున్నదా టీచర్, మా బంటిగాని సంగతి?”

“ఏం సంగతి?”

“మూడేండ్లప్పుడు వానికి నాడా లాగు కట్టి తోలిన. వాడు ఇప్పుకోరాక బడిల లాగుల వోసుకుండు. నువ్వు నన్ను పిలిపిచ్చి గల్లీ మొత్తం ఇనేటట్టు తిట్టినవ్. ‘నాడా కట్టి తోలకు గంగమణీ, లూజు లాస్టిక్ ఎయ్యి, పిల్లగాడు ఆని పని ఆడే జేస్కోవాలె, గదే మొదటి సదువు’ అన్నవ్. గుంజుకొనీకి రెండు దిక్కుల గుడ్డ రింగులు గూడ కుట్టుమన్నవ్. నేను ఆ రాత్రే కుట్టిన. తెల్లారి వాడు ఒక్కడే పోయొచ్చిండు.”

అవును. ముప్పై ఒక్కేళ్లు ప్రతి తల్లికీ అదే చెప్పాను. అఆల కన్నా ముందు పిల్లలకు నేర్పింది అదే. బొటనవేళ్లు రింగుల్లో పెట్టు, కిందికి తొయ్యి, కూర్చో, లేచి పైకి గుంజు. పిల్లలకు పనికొచ్చేది నాకు పనికొస్తుందని మాత్రం తట్టలేదు. ఎలాస్టిక్ పసిపిల్లలదనుకున్నాను, నేను టీచర్ననుకున్నాను.

“ఊరందరికి శకునం జెప్పిన బల్లి కుడితిల వడ్డట్టయ్యింది నీ కత,” అని గంగమణి లేచి తన కుట్టుమిషన్ దగ్గరికి పోయింది.

ఆ రోజే ఒకటి కుట్టింది. నా పాత లాంగ్‌క్లాత్ కాదు, బనీను లాంటి మెత్తటి నూలు గుడ్డ, నా కొలత కన్నా ఒక సైజు పెద్దది. నడుముకు రెండు వేళ్ల వెడల్పు మెత్తటి ఎలాస్టిక్, లాగకుండా వదులుగా వేసింది. రెండు పక్కలా రింగులు. ఆ రింగులు దేనితో కుట్టిందనుకున్నారు? నేను కత్తితో కోసి పడేసిన నాడా ముక్కలతో.

మొదటి రింగుల్లో నా బొటనవేలు కణుపు దగ్గర ఇరుక్కుంది. ఊడదీయడానికి సబ్బు నీళ్లు కావలసి వచ్చాయి. ఆమె విప్పి, నా అరచెయ్యి సగం దూరేంత పెద్దవి కుట్టింది. జాకెట్టు హుక్కులు తీసేసి జిప్పు పెట్టి, జిప్పు కొసకు తాళంచెవుల రింగు తగిలించింది. లంగాకు నాడా బదులు ప్యాంటు కొక్కెం పెట్టింది. నేను శుక్రవారం, గుడ్ ఫ్రైడే నాడు, మూడు గంటల ఆరాధన నుంచి వచ్చి సాధన మొదలుపెట్టాను. మంచం అంచున కూర్చోవడం, కుడికాలు ముందు, ఎడమకాలు తర్వాత, లేవడం, గుంజడం. మొదటిసారి ఒకే కాలి సందులో రెండు కాళ్లూ దూర్చాను. శనివారం మధ్యలో చెయ్యి పట్టేసి అరగంట ఆగాల్సి వచ్చింది. ఆదివారం ఈస్టరుకు గంగవ్వ వచ్చింది, ఆమె మనుమరాలు రాని ఆదివారమది. బాడీ వేసుకోకుండా పైన శాలువా కప్పుకుని వచ్చింది. నా పక్కన కూర్చుని, “కాళ్లకెల్లి ఎట్ల ఏస్కుంటరే?” అని చెవిలో అడిగింది. ఆరాధన అయ్యాక చెప్పాను.

సోమవారం పొద్దున అయిదింటికి వేడినీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చున్నాను. వేళ్లు కాస్త సడలాయి. గదిలోకి పోయి గడియ పెట్టాను. బయట షారోన్ తిరుగుతున్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది. రెండుసార్లు తలుపు దాకా వచ్చి ఆగింది, పిలవలేదు. ఆమె సంచిలో రెండు కాగితాలున్నాయని నాకు తెలుసు. ఒకటి సంతకం పెట్టాల్సింది, ఇంకొకటి ఉద్యోగం వద్దని రాసింది.

చడ్డీ ఎక్కింది. బాడీ కాళ్ల నుంచి భుజాల దాకా వచ్చింది. లంగా కొక్కెం మూడోసారికి పడింది. జిప్పు రింగులో వేలు పెట్టి పైకి లాగాను. చీర కుచ్చిళ్లు వంకరగా వచ్చాయి, వంకర వేళ్లతో తిన్నటి కుచ్చిళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? మొత్తం ఇరవై ఆరు నిమిషాలు. ఒళ్లంతా చెమట. తలుపు తీసి బయటికి వచ్చాను.

షారోన్ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నేను బిందె దగ్గరికి పోయి చెంబు ముంచి, ఆమె ఎదురుగానే నిలబడి తాగాను. రెండు చేతులతో పట్టుకుని, గటగటా, చెంబు ఖాళీ అయ్యేదాకా. నీళ్లు గడ్డం మీంచి కారి జాకెట్టు తడిసింది.

“పో బిడ్డా. బస్సు పోతది.”

ఆమె సంచిలోంచి రెండో కాగితం తీసి, నా చేతిలో పెట్టి, పరుగెత్తింది.

పదింటికి అవసరం పడింది. పరీక్ష రాసే పిల్లలా లోపలికి పోయి చీర పైకి ఎత్తి, రింగులు వెతుక్కుని, బొటనవేళ్లు దూర్చి, కిందికి తోశాను. తర్వాత పైకి గుంజుకున్నాను. బయటికొచ్చాక గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాను. ఎవరూ లేరు కాబట్టి నాకు నేనే, నా అంగన్‌వాడీ పిల్లలకు చెప్పినట్టే, శభాష్ అని చెప్పుకున్నాను. చెప్పుకుంటే ఏడుపొచ్చింది. ఈసారి బాత్రూంలో కాదు, వరండాలో కూర్చుని, హాయిగా ఏడ్చాను.

ఒంటిగంటకు షారోన్ ఫోన్ చేసింది.

“సంతకం పెట్టిన అత్తమ్మా. నీళ్లు తాగినవా?”

“మూడు చెంబులు.”

“మరి...”

“మూడుసార్లు.”

అవతల ఆస్పత్రి వరండాలో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. తర్వాత ఆమె ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

“పని చూసుకో పో,” అని ఫోన్ పెట్టేసి, నాలుగో చెంబు ముంచుకున్నాను.